స్పెయిను దేశపు ఫ్లమెంకో: గానము, నాట్యము, భాష

స్పెయిను దేశమునకు దక్షిణమున ఆందలూసియా యను సీమ కలదు. సెవిల్య, కాదిస్, హెరెస్, గ్రనాడా అందలి ప్రసిద్ధ పట్టణములు. ఈ సీమలో పెంపొందిన గాననాట్యకళకు ఫ్లమెంకో యని పేరు. 2010వ సంవత్సరమున యునెస్కో సంస్థ దీనిని మానవజాతి సాంస్కృతిక వారసత్వములలో నొకటిగా గుర్తించినది. గ్రనాడాలో సాక్రోమోంతె యను కొండను తొలిచి కట్టుకొన్న గుహాగృహములు కలవు. అందొకదానిలో ఈ ప్రదర్శనమును చూచు నవకాశము నాకు కలిగినది. అచట చూచినదానిని, దాని వెనుకనున్న చరిత్రను పాఠకులకు తెలుపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

సున్నము వేసిన గుహ గోడలకు రాగిపాత్రలు వ్రేలాడుచుండెను. గోడల నానుకొని ఇరుప్రక్కల కుర్చీలు. నడుమనున్న ఇరుకు నేలయే రంగస్థలము. తెర లేదు. గాయకుడొకడు, గిటారు వాయించువాడొకడు, చప్పట్లు వేయువారిద్దరు, నర్తకి యొకతె: మేళమంతయు నింతియే. ఫ్లమెంకో యనగా నాట్యమే యని మనలో పలువురు తలంతురు. నిజమునకు దీనికి ప్రాణము పాట. పాటను కాంతె యనియు, గిటారు వాద్యమును తోకె యనియు, నాట్యమును బైలె యనియు అచటివారు వ్యవహరింతురు. కొలిమి పాటలని ప్రసిద్ధిచెందిన మార్తినేతెలను గిటారు తోడు లేకయే పాడుదురు.

ఆ రాత్రి మొదట సొలెయా యను పాటను పాడిరి. ఆ పేరు ఏకాంతమను అర్థముగల స్పానిషు పదమునుండి వచ్చినది. దాని ఆవర్తనమునకు 12 తాళాక్షరములు. ఊనిక 3, 6, 8, 10, 12 అక్షరములపై పడును. అనగా 3, 3, 2, 2, 2గా విభాగము. మన ఆదితాళమున 4, 2, 2గా అంగములున్నట్లే ఇదియు నని తోచును గాని, భేదమొకటి కలదు. మన తాళమున అంగము మొదట దెబ్బ పడును; సొలెయాలో భాగము చివర ఊనిక నిలుచును. క్రొత్తవారి చెవి తడబడుటకు ఇదియే కారణము. శోకగీతమైన సిగిరియా, కాదిస్ వారి ఉల్లాసగీతమైన అలెగ్రియాస్, కడపట అందరును కలిసి వేగముగా నడపు బులెరియాస్, ఇట్లు రీతులు పెక్కు కలవు.

గాయకుడు తొలుత "అయ్" యని దీర్ఘముగా ఎలుగెత్తి, ఆ పిదపనే పదములను అందుకొనెను. అంతవరకు నర్తకి కదలక నిలిచి వినుచుండెను. పాట విరామమున, మునివ్రేళ్ళ క్రిందను మడమల క్రిందను మేకులు కొట్టిన పాదరక్షలతో ఆమె నేలపై తాళము పలికించెను. మన నాట్యమున నట్టువాంగము చెప్పగా నర్తకి యాడును. ఇచట ముక్తాయింపునకు ముందు నర్తకియే పాదఘాతముతో సంజ్ఞ నిచ్చును. దానికి యామాద, అనగా పిలుపు, అని పేరు. గిటారువాని దృష్టి ఆమె పాదములను వీడలేదు.

నేనును చప్పట్లు కలుపబోగా ప్రక్కనున్న వృద్ధురాలు చిరునవ్వుతో నా చేయి పట్టి ఆపినది. ఆమె చేసినది న్యాయమే. అచట చప్పటులు మెప్పుదల కావు, అవి వాద్యము. పాట సాగునపుడు అరచేతులు గుల్లచేసి మెత్తగను, నాట్యము ముదిరినపుడు వ్రేళ్ళతో స్ఫుటముగను వేయుదురు. శ్రోత తన మెప్పును పాదము ముగిసినచోట "ఓలే" యని పలికి తెలుపవలెను. మనవారు "భళా" యనుట వంటిది ఇది.

ఈ కళను పోషించినవారిలో హితానోలను జిప్సీలు ముఖ్యులు. ఆందలూసియాలోని ఇతర జనుల పాటలును ఇందు కలిసియున్నవి. హితానోల పూర్వులు సుమారు వేయి సంవత్సరముల క్రిందట భారతదేశమును వీడినవారని భాషాశాస్త్రము తేల్చినది. వారి మూలభాషయైన రోమానీ మన ఉత్తరాది భాషలకు జ్ఞాతి. ఐనను ఫ్లమెంకో కథక్ నృత్యమునుండియే పుట్టినదను ప్రచారమునకు తగిన ఆధారము లేదు. హితానోలు స్పెయిను చేరినట్లు 1425 నాటి పత్రము సాక్ష్యమిచ్చుచున్నది. 1749లో రాజాజ్ఞచే వేలకొలది హితానోలను చెరపట్టిరి. 1783 నాటి శాసనము వారి వేషమును, భాషను నిషేధించెను. ఆ భాష క్రమముగ క్షీణించి, స్పానిషు వ్యాకరణమున ఇమిడిన కొన్ని పదములుగా మిగిలినది. దానిని కాలో యందురు. అందు నీటికి "పన్యీ" యని పేరు. మన "పానీయము"నకు అది దూరబంధువు.

పాట మాత్రము నిలిచినది. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున కాఫీశాలల వేదికల నెక్కి వృత్తికళ యయ్యెను. ప్రాచీనరీతి చెడిపోవుచున్నదని చింతించి, సంగీతకర్త మాన్యుయెల్ దె ఫాయా, కవి లోర్కా మొదలగువారు 1922లో గ్రనాడాలోని అల్హంబ్రా కోటయందు పాటల పోటీని జరిపిరి. బహుమతి పొందినవారిలో ఒకడు వృద్ధుడు, మరియొకడు బాలుడు. పాట తాతనుండి మనుమనికి అందుచున్నదని లోకమునకు తెలిసినది. ఆ పాటలోని మాటలు మాత్రము స్పానిషు మాటలు.

ఈ చరిత్ర మనకు హెచ్చరిక వంటిది. తంజావూరు సీమలోని మేలట్టూరున, తమిళదేశము నడుమ, వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు భాగవతమేళ నాటకములను ఏటేట నృసింహజయంతికి నేటికిని ఆడుచున్నారు. హితానోల పాట తన భాషను కోల్పోయినది. మన పాట ఇంకను తెలుగుననే యున్నది. ఇది మన భాగ్యము. కాని నా తరగతిలోని బాలికలు కొందరు త్యాగరాజ కీర్తనలను పరలిపిలో వ్రాసికొని, అర్థమెరుగక, శ్రుతి తప్పక పాడుదురు. అట్టివేళ గ్రనాడా గుహ నాకు జ్ఞప్తికి వచ్చును. పాట నిలిచినంతమాత్రమున భాష నిలువదు. పాట నేర్పిన యింటనే ఆ మాటల అర్థమును చెప్పి, పిల్లలతో ఆ భాషలోనే మాటలాడవలెను.