గాలికోటల అద్దె వ్యాపారము - పొందవలసిన అనుమతులు

మన డెల్టా గ్రామములలో పెండ్లిండ్లకును, ఓణీల వేడుకలకును, తిరునాళ్లకును షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చు సప్లయి కంపెనీలు చిరకాలమునుండి యున్నవి. ఇటీవల నీ సామానులలో పిల్లలెక్కి దుముకు గాలికోటయు చేరినది. కొందఱు దీనిని జంపింగు బెలూననియు, కొందఱు బౌన్సీ యనియు పిలుచుచున్నారు. వ్యవసాయమునకు తోడుగా నింకొక యాదాయమును వెదకుకొను యువకులకు నిది సులభమైన వ్యాపారముగా కనబడుట సహజము. సామాను కొనుటకు అప్పు సంపాదించుటకంటె ముందు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని గలవు. వానిని సభ్యుల యుపయోగార్థము ఇందు వివరించుచున్నాము.

ఒక్క కచేరీకి పోయి ఒక్క లైసెన్సు పుచ్చుకొనిన సరిపోవునని పలువురు తలంచుచున్నారు. అట్లు గాదు. అనుమతులు రెండు తెగలు. వ్యాపారము నడుపుకొనుటకు వలయునవి మొదటి తెగ. వీనిని ఒకసారి పొంది, అవసరమైన వానిని ఏటేట పునరుద్ధరించుకొనవలెను. కోటను ఫలానా దినమున ఫలానా స్థలమున నిలుపుటకు వలయునవి రెండవ తెగ. ఇవి ప్రతి యుత్సవమునకును వేఱువేఱుగా కావలెను. మొదటి తెగ కాగితములు చూపి రెండవ తెగ యనుమతులు తప్పించుకొన వీలులేదు.

మొదటి తెగలో వ్యాపారపు లైసెన్సు ముఖ్యము. సామాను నిలువచేసి అద్దెకిచ్చు కొట్టు గ్రామములో నున్నచో పంచాయతీ వారిని, గుడివాడలో నున్నచో పురపాలక సంఘము వారిని, మచిలీపట్టణములో నున్నచో నగరపాలక సంస్థ వారిని అడుగవలెను. 1988 సంవత్సరపు దుకాణములు, సంస్థల చట్టము ననుసరించి, వ్యాపారము ప్రారంభించిన 30 దినములలోగా కార్మికశాఖ యధికారి యొద్ద నమోదు చేయించుకొనవలెను. కేంద్ర ప్రభుత్వము వారి ఉద్యమ్ నమోదునకు రుసుము లేదు. ఆధారు, పాను సంఖ్యలు చాలును. ఈ నమోదునకు డబ్బు గుంజు దళారుల మాట వినకుడు. ముద్రా పథకము క్రింద శిశు తరగతిలో 50,000 రూపాయలవఱకును, కిశోర్ తరగతిలో 5 లక్షలవఱకును బ్యాంకులు తాకట్టు లేకయే అప్పిచ్చును. ఈ కాగితములున్న వారికి అట్టి యప్పు పొందుట సులభము.

పన్నుల విషయము రైతునకు కొంత క్రొత్త. పొలమున పండిన ధాన్యము నమ్మిన సొమ్ము వ్యవసాయాదాయము; దానిపై ఆదాయపు పన్ను లేదు. కోటను అద్దెకిచ్చినందున వచ్చిన సొమ్ము రైతు చేతికే వచ్చినను అది వ్యాపారాదాయమే యగును. రెండును ఒకే పుస్తకములో వ్రాసికొనినవారు సంవత్సరాంతమున చిక్కుపడుదురు. కావున వేఱు ఖాతా పెట్టుకొనవలెను. సేవల వ్యాపారములో సాలుకు మొత్తము రాబడి 20 లక్షల రూపాయలు మించినచో జి.యస్.టి. నమోదు తప్పనిసరి. ఒకటి రెండు కోటలతో ఆ మొత్తమునకు చేరుట యరుదు. షామియానా, భోజనాల బల్లలు, దీపాలంకారము గూడ కలిపి నడుపువారు మాత్రము లెక్క చూచుకొనుచుండవలెను.

ఇక రెండవ తెగ. సొంత యావరణలో బంధువుల పిల్లలకొఱకు నిలిపిన కోటకు పెద్ద చిక్కు లేదు. టిక్కెట్టు పెట్టి బహిరంగ స్థలమున నిలుపునపుడే అసలు పని. మొదట స్థలమెవరిదో తెలిసికొనవలెను. మన ప్రాంతమున ఖాళీగా కనబడు కాలువగట్టు జలవనరులశాఖ వారిది. ఊరివారు ఒప్పుకొనినంత మాత్రమున చాలదు. పెదకళ్లేపల్లి శివరాత్రి తిరునాళ్లకు గాని, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధికి గాని పోవువారు, ఆలయభూమి యైనచో దేవాదాయశాఖ కార్యనిర్వహణాధికారి యొద్ద వ్రాతమూలకమైన యనుమతి పొందవలెను. మంగినపూడి తీరమున మాఘపూర్ణిమ స్నానములకు వచ్చు జనసమ్మర్దము మధ్య కోట నిలుపుటకు స్థానికాధికారులతో పాటు పోలీసువారి యనుమతియు కావలెను.

పోలీసువారికిచ్చు దరఖాస్తులో దినము, వేళ, స్థలము, సుమారుగా వచ్చు జనము, బాధ్యుడైన వాని పేరు స్పష్టముగా నుండవలెను. పాటల పెట్టె పెట్టుదురేని దాని మాట గూడ వ్రాయవలెను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు ధ్వనివర్ధకములు మ్రోగింపరాదు. పందిళ్లలో నగ్నిభయమునుగూర్చి భారత ప్రమాణముల సంస్థవారి 8758 సంఖ్యగల ప్రమాణమున్నది; పెద్ద పందిరి ప్రక్కన కోట నిలుపునపుడు అగ్నిమాపకశాఖ వారి యభ్యంతరము లేదను పత్రము నుత్సవనిర్వాహకుడు తెచ్చెనో లేదో అడిగి చూచికొనుడు. తెచ్చెనని నోటిమాట చెప్పిన నమ్మరాదు; నకలు పుచ్చుకొని దగ్గఱ నుంచుకొనవలెను.

విద్యుత్తునకు మధ్య పంపిణీ సంస్థవారి తాత్కాలిక కనెక్షను తీసికొనవలెను. స్తంభపు తీగకు కొక్కెము తగిలించుట నేరము. తడినేలపై పిల్లలాడు చోట నది ప్రాణాంతకము. ఒకటిన్నఱ అశ్వశక్తి బ్లోయరు ఇంచుమించు 1,100 వాట్లు తీసికొనును. బయలుదేరునపుడు అంతకు కొన్ని రెట్లు లాగును. బ్లోయరు నిలిచినచో కోట త్వరలోనే కూలి లోపలి పిల్లలపై పడును గనుక, జనరేటరు సిద్ధముగా నుండవలెను. తెలిసిన పెద్దమనిషి యొకడు ద్వారముకడ ఎల్లపుడు నుండవలెను. పదునాలుగేండ్ల లోపు బాలుని ఆ పనికి కూలికి పెట్టుట చట్టవిరుద్ధము.

కాగితములన్నియు సరిగా నున్నను గాలి యెవ్వరి యనుమతియు నడుగదు. 2021 డిసెంబరు 16వ తేదీన ఆస్ట్రేలియాలోని తాస్మానియా ద్వీపమున డెవన్ పోర్టు పట్టణపు పాఠశాలలో గాలికోట సుడిగాలికి పైకి లేచి ఆర్గురు పిల్లలు మరణించిరి. చాలినన్ని మేకులు దిగవేయలేదని యజమానిపై అభియోగము వచ్చెను. అట్టి సుడిగాలి నామె ముందుగా నెఱుగజాలదని 2025లో న్యాయస్థానము విడిచిపెట్టెను. ఇంగ్లండులోని హార్లోలో 2016లో ఇట్లే ఒక బాలిక మరణింపగా, కోటను సరిగా బిగింపలేదనియు, వాతావరణమును గమనింపలేదనియు 2018లో ఇద్దఱు తిరునాళ్ల పనివారికి మూడేండ్ల చొప్పున శిక్ష పడెను. మన దేశమున 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 106వ విభాగము క్రింద, అజాగ్రత్తవలన మరణము గలిగించిన వానికి ఐదేండ్ల వఱకు శిక్ష విధింపవచ్చును. పూర్వపు చట్టములో నది రెండేండ్లే.

బ్రిటిషువారి మార్గదర్శక సూత్రములు ఈ విషయమున అనుసరింపదగినవి. గాలి గంటకు 38 కిలోమీటర్లు మించినచో కోటను దింపవలెను. కోటకు కనీసము ఆఱు కట్టులుండవలెను. ఇనుపమేకులు 380 మిల్లీమీటర్ల పొడవు, 16 మిల్లీమీటర్ల లావు గలవై పూర్తిగా నేలలో దిగవలెను. ఇచ్చట మన నేలల మాట చెప్పవలసి యున్నది. గుడివాడ ప్రాంతపు నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. నెఱ్ఱె ప్రక్కన దిగిన మేకు చేతితో లాగిన వచ్చును. వానలో నదే నేల మెత్తబడి పట్టు విడుచును. మంగినపూడి, హంసలదీవి ఇసుకలో మేకు నిలువనే నిలువదు. అట్టి చోట్ల ఒక్కొక్క కట్టుకు 163 కిలోల బరువు వ్రేలాడవలెనని లెక్క. అనగా 75 కిలోల బస్తాలు రెండు చాలవు, మూడు కావలెను. ఆఱు కట్టులకు పదునెనిమిది. ఇసుక బస్తాలు మోసికొనిపోవు కూలి అద్దెలో చేర్చుకొనక తక్కువకు ఒప్పుకొను యజమానియే, పిమ్మట బస్తాలు తగ్గించును.

1977 నవంబరు 19నాటి ఉప్పెనను చూచిన దివిసీమవారికి తుపాను గాలి సంగతి చెప్పనక్కఱలేదు. తుపాను హెచ్చరిక ముందుగా వచ్చును గనుక ఆ దినమున కోట నెవరును నిలుపరు. వేసవి సాయంకాలమున ఉన్నట్టుండి మబ్బుపట్టి వీచు ఈదురుగాలియే భయంకరము. చేతిలో పట్టుకొను గాలివేగమాపకము దొరకుచున్నది. కోటతోబాటే దానిని కొనవలెను.

భీమా విషయమున నొక పొరబాటు తఱచుగా జరుగుచున్నది. సామానుపై తీసికొనిన భీమా గుడ్డ చినిగినపుడు, అగ్ని గలిగినపుడు పనికివచ్చును. పిల్లవానికి చేయి విఱిగినచో పనికిరాదు. అందునకు మూడవ పక్షమువారి నష్టమును భరించు పాలసీ వేఱుగా తీసికొనవలెను. పాలసీ కాగితములో గాలికోట యను మాట స్పష్టముగా వ్రాయించుకొనుడు. షామియానా సామాను అని మాత్రమే యున్నచో తరువాత వివాదము వచ్చును.

అద్దె యొప్పందమును గూడ రెండు ప్రతులు వ్రాసి సంతకములు చేయించుకొనవలెను. ఏ యనుమతి ఎవరు తేవలెనో, గాలి హెచ్చినపుడు కోట దింపు నధికారము యజమానికే యున్నదనియు, అట్లు దింపినచో అద్దె యెంత వాపసు ఇచ్చెదరో అందులో నుండవలెను. ఈ చివరి సంగతి వ్రాయనిచో, గుమిగూడిన పిల్లలయెదుట, పెండ్లివారి మాట కాదనలేక, కోట నిలిపియుంచుట జరుగును. దరఖాస్తులు ఉత్సవమునకు కొన్ని వారములు ముందుగానే ఇచ్చి రసీదు పుచ్చుకొనుడు. శివరాత్రికి ముందు కచేరీలలో రద్దీ మిక్కుటము.