పది పౌండ్ల ఇల్లు, ఏటి ఒడ్డు తోట

ఇంగ్లండు దక్షిణ తీరానికి చేరువలో, తూర్పు ససెక్స్‌లోని ఆల్‌ఫ్రిస్టన్ గ్రామంలో, కక్‌మియర్ నది ఒడ్డున, చర్చి పక్కన ఒక పూరికప్పు ఇల్లు ఉన్నది. దాని పేరు క్లెర్జీ హౌస్. వయసు సుమారు 600 ఏళ్లు. ఇందులో రాజులెవరూ పుట్టలేదు, సంధులేవీ కుదరలేదు. అయినప్పటికీ సెవెన్ సిస్టర్స్ సుద్దకొండలను చూడవచ్చిన యాత్రికులు ఈ ఇంటినీ, దాని చిన్న తోటనూ చూసి వెళ్లడం మేలు.

ఓక్ దూలాల చట్రం, ఆ చట్రపు ఖాళీలలో అల్లిన కొమ్మలపై మెత్తిన మట్టిగోడలు, నడుమ పైకప్పు వరకు తెరచి ఉన్న విశాలమైన గది: ఇదీ నిర్మాణం. మొదట్లో పొగగొట్టం లేదు. గది మధ్యలో మంట రగిలేది, పొగ కప్పు సందుల గుండా పోయేది. సుద్దను దిమ్మిస కొట్టి, పులిసిన పాలతో గట్టిపరచిన నేల నేటికీ కనిపిస్తుంది. పేడతో అలికిన నేల నెరిగిన తెలుగువారికి ఇందులోని తర్కాన్ని వివరించనక్కరలేదు. అట్లే, కట్టెల పొయ్యి ముందు దగ్గే తల్లులను చూసినవారికి ఆ పొగలోని కష్టమూ తెలుసు. పాత ఇంటి అందం చూసేటప్పుడు ఈ సంగతి మరువరాదు.

19వ శతాబ్దం చివరి నాటికి ఇల్లు శిథిలమైంది. కూల్చివేతకు చర్చి అనుమతి కూడా లభించింది. అందులో నివసిస్తున్న ఒక వృద్ధురాలు తాను పోయేదాకా ఆగమని వేడుకోవడంతో పని వాయిదా పడింది. అటుపై వచ్చిన మతాధికారి బేనన్ దాని రక్షణకు పూనుకున్నాడు. ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్‌స్లీ కలిసి 1895లో స్థాపించిన నేషనల్ ట్రస్టు మరుసటి ఏడాదే దానిని పది పౌండ్లకు కొన్నది. ఆ సంస్థ సంపాదించిన మొదటి భవనం ఇదే. మరమ్మతులకైన ఖర్చు ఆ ధరకు ఎన్నో రెట్లు.

ఆక్టేవియా హిల్ తాత థామస్ సౌత్‌వుడ్ స్మిత్ వైద్యుడు. లండన్ జ్వరాల ఆసుపత్రిలో పనిచేస్తూ, మురికికీ, ఇరుకుకీ, రోగానికీ గల సంబంధాన్ని చాటినవాడు. మనుమరాలు 1865 నుండి మెరిలెబోన్‌లో పేదల ఇళ్ల నిర్వహణ చేపట్టింది. గాలి, వెలుతురు, నడవడానికి కాస్త చోటు పేదలకు విలాసాలు కావని ఆమె విశ్వాసం. తోటనూ పొలిమేరనూ కాపాడడం ఆమె దృష్టిలో ప్రజారోగ్యంలో భాగమే.

ఇంగ్లండులో ‘కుటీర తోట’ మొదట పేదవాని పెరడు. గులాబీ పక్కన క్యాబేజీ, ఆపిల్ చెట్టు కింద మందుమొక్క పెరిగేవి. క్లెర్జీ హౌస్ తోట నేటి రూపం 20వ శతాబ్దంలో తీర్చినదే గాని మధ్యయుగాలది కాదు. ఐనా ఆ పాత కలగలుపు పద్ధతి అందులో నిలిచి ఉన్నది.

ఇటువంటి తోటల్లో గంటల వంటి పూలతో కనిపించే ఫాక్స్‌గ్లవ్ వైద్యచరిత్రలో ప్రసిద్ధం. ఒళ్లు వాచే జబ్బుకు పల్లెటూళ్లలో వాడే మూలికల మిశ్రమంలో పనిచేసేది ఈ ఆకేనని విలియం విథరింగ్ గుర్తించి, పదేళ్ల అనుభవాన్ని 1785లో గ్రంథస్థం చేశాడు. మేలుచేసే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య ఎడం చాలా స్వల్పమని ఆయన గ్రహించాడు. అదే ప్రజాతికి చెందిన మరో మొక్క నుండి తీసే డిగాక్సిన్‌ను కొన్ని గుండెజబ్బులకు నేటికీ వాడుతున్నారు. పెరటి జ్ఞానానికి పరీక్ష తోడైతే అది శాస్త్రమవుతుంది. పరీక్ష లేనిదే విషమూ కావచ్చు.

స్వగ్రామంలో తాళం వేసిన మండువా ఇల్లు గల ప్రవాసులకు ఈ ఇల్లు ఒక ప్రశ్న వేస్తుంది. అన్ని ఇళ్లనూ నిలపడం సాధ్యం కాదు. పూరికప్పును కొన్ని దశాబ్దాలకొకసారి మార్చవలసిందే, ఏటా తోటపని చేయవలసిందే. ఆల్‌ఫ్రిస్టన్‌లో కొనుగోలుకు పది పౌండ్లే చాలినవి గాని, ఆ పనిని 1896 నుండి నేటిదాకా ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు.