నోటిలోని మచ్చ – రాచపుండు

చుట్ట, బీడీ, తంబాకు వాడెడి మన నల్లగొండ, మహబూబునగరు రైతులలో కొందరికి నోటిలో తుడిచినను పోని తెల్లమచ్చగాని యెర్రమచ్చగాని యేర్పడును. నొప్పి యుండదు గనుక లెక్కచేయరు. గొంతులోని మచ్చ కంటికే కనబడదు. స్వరము బొంగురుపోవుట తరచుగా దాని మొదటి గురుతు.

ఇట్టి మచ్చలన్నియు క్యాన్సరు, అనగా రాచపుండు, కావు. కొన్ని యలవాటు మానినంతనే తగ్గును. చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చు అడ్డపొగ యాచారము గల శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరీక్షించి, ఆ ఫలితములను 1971లో ప్రకటించిరి. మచ్చలను కంటితో గుర్తింపవచ్చును గాని, ఏ మచ్చ రాచపుండగునో కంటితో చూచి చెప్పజాలరు.

అందుకై వైద్యులు మచ్చనుండి చిన్న తునకను తీసి, కణముల వరుస చెడినదా యని సూక్ష్మదర్శినిలో చూతురు. ఇటీవల మరింత లోతునకు పోయి, కణములోని 3వ, 9వ క్రోమోజోముల ముక్కలు లోపించెనా, పి53 అను ప్రొటీను వికటించెనా యని వెదకుచున్నారు. ఈ గురుతులు గల మచ్చకు అపాయ మెక్కువ. మనము విత్తనములను తడిగుడ్డలో కట్టి మొలక చూచుట వంటిదే యిది. అయినను మొలకపరీక్షను నమ్మినంతగా దీనిని నమ్మరాదు. గురుతు లేని మచ్చయు మారవచ్చును. కావున నేటికిని సూక్ష్మదర్శిని పరీక్షయే ముఖ్యము.

"కోతలైన పిదప చూపించుకొందును" అనువారిని మేము చాలమందిని చూచితిమి. మచ్చగాని బొంగురుగాని మూడు వారములు దాటినచో జిల్లా ఆస్పత్రికో, హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగు క్యాన్సరు ఆస్పత్రికో కోతలకు ముందే పోవలెను.