కుక్కరు మూతమీద చౌకబేరము

ప్రెషరు కుక్కరు లేని వంటయిల్లు నేడు మన తెలుగునాట అరుదు. అన్నము, పప్పు, కూర మూడును ఒకే మంటమీద అరగంటలో సిద్ధమగుచున్నవి. ఇంతటి యుపకారము చేయు పాత్రకు మనము చేయు ప్రత్యుపకార మేమి? దాని రబ్బరు సాగినపుడు, సేఫ్టీవాల్వు పోయినపుడు, అంగడిలో నన్నిటికంటె చౌకయైన దానిని తెచ్చి తగిలించుట! బంగారమునకు గీటు చూచి, బియ్యమును నోట వేసి చూచి కొను మనము, దీని విషయమున మాత్రము “ఏదైన నొకటే” యని యేల తలంతుమో విచారింపవలసి యున్నది.

మే మెఱిగిన యొక యింట జరిగిన సంగతి చెప్పుదుము. ఆ యిల్లాలు పొదుపరి. పైస వృథా చేయునది కాదు. సేఫ్టీవాల్వు పోగా అంగడికి బోయెను. అంగడివాడు కంపెనీ వాల్వును చూపి ధర చెప్పి, దానిలో నాల్గవవంతు ధరకు మఱియొకటి తీసి, “రెండూ ఒకటేనమ్మా, పేరుకే తేడా” యనెను. చూపునకు రెండును కవలపిల్లలవలె నున్నవి. ఆమె చౌకదానినే తెచ్చుకొనెను. కొన్ని నెలలు బాగుగనే జరిగెను. ఒకనాడు కందిపప్పు పొంగి ఆవిరిగొట్టమున కడ్డుపడెను. ఈల రాలేదు, కరగవలసిన వాల్వు కరగలేదు. మూత యెగిరి పైకప్పునకు దగిలెను. దైవవశమున నామె యప్పుడు పెరటిలో నుండెను. “ఆనాడు నేను మిగిల్చినది ఒకపూట కూరగాయల డబ్బు” అని యామె మాతో ననినది.

ఈ పాత్రలో జరుగు పని యెట్టిదో తెలిసికొన్నచో, ఆ చిన్న వస్తువుల విలువ బోధపడును. తెఱచిన గిన్నెలో నీరు 100 డిగ్రీలయొద్ద మఱగును. ఎంత మంట పెట్టినను అంతకు మించి వేడెక్కదు. ఆవిరిని బంధించి, చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలో యొత్తిడి కల్పించినచో, ఆ నీరే 120 డిగ్రీల వఱకు వేడెక్కును. పప్పు త్వరగా నుడుకుట కిదియే కారణము. ఈ యుపాయమును 1679లో డెనిస్ పాపిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లండనునందు ప్రదర్శించెను. ఆవిరిని బంధించుటతోడనే దానిని విడుచు మార్గమును గూడ నమర్చవలెనని గ్రహించి, రక్షణకవాటమును గూడ నతడే కల్పించెను.

మూత వెడల్పు 20 సెంటీమీటరులనుకొందము. దాని వైశాల్యము సుమారు 314 చదరపు సెంటీమీటరులు. అనగా ఆ మూతను పైకి నెట్టు బలము మూడువందల కిలోలకు మించియుండును. ఇరువదియైదు కిలోల బియ్యపు సంచులు పండ్రెండింటి బరువు! ఇంత బలమును అదుపులో నుంచునవి మూడు చిన్న వస్తువులు: వెయిటు, సేఫ్టీవాల్వు, రబ్బరు.

వెయిటు కేవలము ఈలవేయు వస్తువు కాదు, అది తూనికరాయి. ఆవిరిగొట్టపు రంధ్రము 3 మిల్లీమీటరులైనచో, 70 గ్రాముల వెయిటు ఇంచుమించు ఒక కిలో యొత్తిడియొద్ద లేచును. ఆ వెయిటునే రెండున్నర మిల్లీమీటరుల రంధ్రముమీద నుంచినచో, ఒత్తిడి దాదాపు కిలోన్నర యగువఱకు లేవదు. ఈల మామూలుగనే వచ్చును. లోపలి మార్పు మనకు దెలియదు. కావున ఒక కుక్కరు వెయిటు వేఱొక కుక్కరునకు పెట్టరాదు.

సేఫ్టీవాల్వులలో పెక్కింటి నడుమ కరగు లోహ ముండును. బిస్మతు, తగరము, సీసము వంటి లోహములను తగినపాళ్లలో గలిపి, నిర్ణీతమైన వేడిమియొద్ద కరగునట్లు దానిని చేయుదురు. పాళ్లు మాఱినచో కరగు వేడిమియు మాఱును. కంటికి మాత్రము అన్నియు వెండిరంగు బొట్లే. త్వరగా కరగు దానివలన ఖర్చు మాత్రమే. కరగని దానివలన ప్రాణాపాయము.

రబ్బరు సంగతియు నిట్లే. మూత పైనుండి బిగియు కుక్కరులు పెక్కింటిలో, ఒత్తిడి హద్దు మీఱినపుడు రబ్బరు మూత యంచునందలి సందుగుండ వెలికి జరిగి ఆవిరిని విడుచును. గట్టిదైన నాసి రబ్బరు ఆ పని చేయజాలదు.

చౌకవస్తు వెల్లను చెడ్డదని మా వాదము కాదు. లోపలి గిన్నెలు, అడుగున నుంచు పళ్లెము ఎచ్చట కొన్నను భయము లేదు. కంపెనీపేరు గల పొట్లమెల్ల మంచిదనియు ననజాలము. నకిలీ పొట్లములును గలవు. కావున కొనునపుడు కుక్కరు పేరు, కొలత వ్రాసికొని పోవలెను. వీలైనచో మూతనే తీసికొని పోవుట మేలు. రసీదు నడుగవలెను. రబ్బరులకు ఐ.ఎస్. 7466 అను ప్రమాణ మున్నది. ఐ.ఎస్.ఐ. గుర్తుతో నుండు సి.ఎం./ఎల్. సంఖ్య నిజమైనదో కాదో, చేతిఫోనులోని బి.ఐ.ఎస్. కేర్ ఆప్‌లో చూచుకొనవచ్చును.

ప్రభుత్వమును ఊరకుండలేదు. 2020నాటి యుత్తరువు ప్రకారము 2021 ఫిబ్రవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని కుక్కరుల నమ్మరాదు. 2022లో అట్టివి 2,265 ఒక ఇంటర్నెట్టు అంగడి ద్వారా అమ్ముడుపోగా, వానిని వెనుకకు రప్పించి సొమ్ము తిరిగి యిప్పింపవలెనని కేంద్ర వినియోగదారుల సంరక్షణ ప్రాధికార సంస్థ యాజ్ఞాపించి, లక్ష రూపాయల జుల్మానా విధించెను. అయినను వీథియంగడిలో దారమునకు గ్రుచ్చి వ్రేలాడదీసిన వాల్వులను పరీక్షించు నధికారిణి ఎవరు? మనమే!

అసలు వస్తువు కొంటిమని ఏమఱియుండుటయు తగదు. గొట్టము మూసికొన్నచో ఎంత మంచి కుక్కరైనను ప్రమాదమే. మూత పెట్టుటకు ముందు ప్రతిదినము ఆవిరిగొట్టమును వెలుతురునకెత్తి చూడవలెను. నురుగు పొంగు పప్పులతో సగమునకు, ఇతరములతో మూడింట రెండు పాళ్లకు మించి నింపరాదు. రబ్బరు బిరుసెక్కినను, బీటలు వాఱినను మార్పవలెను. పోయిన వాల్వు రంధ్రమును సీలతోగాని, లప్పముతోగాని ఒక్కపూటకైనను మూయరాదు. ఆ పూటకు పప్పు గిన్నెలో నుడికించుకొందము, నష్టము లేదు.

పొదుపు స్త్రీకి భూషణమే. కాని యే వస్తువు చెడినచో సొమ్ము మాత్రమే పోవునో, ఏది చెడినచో మనుష్యులకే ముప్పు వచ్చునో యెఱిగి చేయునదే పొదుపు. రేపు ప్రొద్దున పొయ్యి వెలిగింపక మునుపు మీ కుక్కరు మూతను ఒకసారి త్రిప్పి చూడుడు. ఆ వాల్వు ఎచ్చట కొన్నదో మీకు జ్ఞాపకము రానిచో, నాడే క్రొత్తది తెప్పించుకొనుడు.