కొండ బండికి తేలిక చట్రం.. ఏ కిలో తీయాలి, ఏ కిలో ఉంచాలి?

నర్సీపట్నం: కొండ ఎక్కే బండికి మొదటి శత్రువు దాని సొంత బరువే. నర్సీపట్నం దాటి చింతపల్లి, కొయ్యూరు, గూడెంకొత్తవీధి మండలాల వైపు వెళ్లే ప్రతి డ్రైవరుకూ ఈ సంగతి అనుభవమే. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో, ఆ మూడు మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. జిల్లాలు వేరైనా మన్యంలోని రోగుల్లో చాలామందికి పెద్దాసుపత్రి దారి నేటికీ నర్సీపట్నం మీదుగానే సాగుతోంది. అయితే చిక్కంతా ఆ దారి మొదట్లోనే ఉంది. రోడ్డు లేని గూడెం నుంచి తారురోడ్డు దాకా రోగిని చేర్చేదెలా?

రాష్ట్రంలో 108 అంబులెన్సు సేవలు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. రెండు టన్నులకు పైబడిన ఆ వాహనం రోడ్డు ఉన్నంతవరకే రాగలదు. ఆపై డోలీయే గతి. ఈ రెండింటి నడుమ ఉన్న ఖాళీని పూడ్చేందుకు 2018లో రాష్ట్ర ప్రభుత్వం గిరిజన ప్రాంతాలకు వందకు పైగా ద్విచక్ర ఫీడర్ అంబులెన్సులను సమకూర్చింది. అటువంటి బండి ఎంత తేలికగా ఉండాలి? ఆ తేలికదనాన్ని చట్రంలో ఏ భాగం నుంచి తేవాలి? చూడటానికి ఇవి చిన్న ప్రశ్నలే. కానీ ఇదే చిక్కుతో మరో చోట ఇంజినీర్లు ఎన్నో ఏళ్లుగా కుస్తీ పడుతున్నారు.

మంచుకొండల్లో బరువుతో పోరు

లంబసింగిని ఆంధ్రా కశ్మీరు అని ముచ్చటగా పిలుచుకుంటాం గానీ అక్కడ మనం చూసేది పొగమంచే. మంచు నడుము లోతున పేరుకునే అమెరికా, కెనడా పర్వతాల్లో స్నోమొబైల్ అనే బండి తిరుగుతుంది. దానికి ముందు రెండు స్కీలు, వెనుక చక్రాలకు బదులు యుద్ధట్యాంకుకు ఉన్నట్లు తిరిగే రబ్బరు పట్టా ఉంటాయి. గుల్మార్గ్ వెళ్లివచ్చిన పర్యాటకులు దీనిని చూసే ఉంటారు. కొత్తగా పడిన మంచు దూది వంటిది. బండి బరువు ఎక్కువైతే అందులో కూరుకుపోతుంది. కూరుకుపోయిన బండిని పైకి లాగవలసింది నడిపేవారి చేతులే. అందుకే కొండల కోసం తయారయ్యే స్నోమొబైళ్ల విషయంలో కంపెనీల పోటీ ఇంజిను శక్తితో పాటు బరువు చుట్టూ కూడా తిరుగుతుంది.

అమెరికాకు చెందిన పొలారిస్ సంస్థ 2011 నమూనాగా తెచ్చిన ప్రో ఆర్‌ఎంకే బండి బరువును, ఇంధనం లేకుండా, 431 పౌండ్లుగా ప్రకటించింది. అంటే సుమారు 195 కిలోలు. చిత్రమేమంటే మన వీధుల్లో తిరిగే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు కూడా ఇంచుమించు అంతే. 800 సీసీ తరగతి ఇంజిను, పొడవాటి పట్టా, రెండు స్కీలు కలిపి ఒక బుల్లెట్ బండి బరువులో ఇమిడాయన్నమాట.

ఇది సాధ్యమైన తీరు గమనించదగ్గది. ఉక్కు తీసి అల్యూమినియం పెడితే సరిపోతుందనుకుంటే పొరపాటు. అల్యూమినియం బరువు ఉక్కులో మూడోవంతే, కానీ అదే కొలతల గొట్టం తీసుకుంటే వంగకుండా నిలిచే గుణం కూడా మూడోవంతే. గొట్టం వెడల్పు పెంచి, గోడలు పలుచగా ఉంచినప్పుడే లాభం కనిపిస్తుంది. వెల్డింగుతో మరో తంటా. గట్టిపరచిన అల్యూమినియానికి వెల్డింగ్ వేడి తగిలితే అతుకు చుట్టూ లోహం మెత్తబడుతుంది. ఆ నష్టం పూడ్చడానికి మందం పెంచితే తగ్గించిన బరువు తిరిగి వచ్చి చేరుతుంది. అందుకే ఆ బండి చట్రంలో భాగాలను ప్రత్యేకమైన జిగురుతోనూ రివెట్లతోనూ కలిపారు. పై చట్రానికి కార్బన్ ఫైబర్ వాడారు. 2013 నమూనాలో నూనెలో తిరిగే గొలుసును, దాని పెట్టెను తీసేసి పళ్ల బెల్టు అమర్చారు.

వెదురు కర్రలోనే ఉంది కిటుకు

గొట్టం ఘనమైన కడ్డీ కంటే ఎందుకు మెరుగో ఒక లెక్కతో తేలుతుంది. 25 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు కడ్డీని, 38 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల గోడ ఉన్న ఉక్కు గొట్టాన్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. పొడవు ఒకటే అయితే గొట్టం బరువు కడ్డీ బరువులో మూడింట రెండు వంతులే. వంగకుండా నిలవడంలో మాత్రం అది కడ్డీ కంటే రెండున్నర రెట్లకు పైగా మిన్న. వంపు వచ్చేటప్పుడు శ్రమపడేది పైఅంచు, కిందిఅంచు మాత్రమే. నడిమి లోహం దాదాపు ఊరికే కూర్చుంటుంది. ఆ ఊరికే కూర్చున్న లోహాన్ని తీసివేసి అంచులకు చేర్చడమే చట్రం తేలికపరచడంలోని అసలు విద్య.

మన్యంలో డోలీకి వాడే వెదురు కర్ర సరిగ్గా ఇటువంటి గొట్టమే. లోపల బోలు, బయట గట్టి నార, నడుమ నడుమ గోడలు నొక్కుకుపోకుండా కణుపులు. డోలీ కర్ర, గుడ్డ కలిపినా బరువు రోగి బరువులో పదోవంతుకు అటూఇటూగానే ఉంటుంది. అదే 195 కిలోల మోటారు సైకిలు 60 కిలోల రోగిని మోస్తే, బండి బరువు రోగి బరువుకు మూడు రెట్లకు పైమాట. బరువు లెక్కన డోలీని మించిన వాహనం లేదు. దాని లోపమల్లా అది మనుషుల భుజాల మీద గంటల తరబడి నడవడం, పురిటి నొప్పులు పడుతున్న గర్భిణికి ఆ గంటలు చేతిలో లేకపోవడం.

దిగేటప్పుడే అసలు పరీక్ష

స్నోమొబైల్ పోరాటమంతా ఎక్కేటప్పుడే. మన్యం అంబులెన్సు సంగతి వేరు. అది ఖాళీగా ఎక్కుతుంది, రోగితో దిగుతుంది. కనుక ఇక్కడ బరువు ఇంజినును కంటే బ్రేకులను ఎక్కువగా పరీక్షిస్తుంది. బండి, నడిపే వ్యక్తి, రోగి కలిపి 325 కిలోలనుకుందాం. గూడెం నుంచి రోడ్డు దాకా 300 మీటర్ల ఎత్తు దిగితే, మూడు లీటర్లకు పైగా నీటిని మరిగించేంత శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. కొంత ఇంజిను లాగుకుంటుంది, కొంత దారి రాపిడిలో పోతుంది. మిగిలినదంతా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. తగ్గించిన ప్రతి కిలో ఆ వేడిని తగ్గిస్తుంది. వానాకాలంలో బురదదారిపై టైరు కూరుకుపోయినప్పుడు బండిని చేతులతో ఎత్తవలసిన అవసరమూ కొంత తప్పుతుంది.

అలాగని ఎడాపెడా కోసేయరాదు. పక్కన పడక తొట్టి బిగించిన బండినే తీసుకుందాం. మన దేశంలో తొట్టి సాధారణంగా ఎడమ వైపు ఉంటుంది. ఎడమ మలుపులో బండి బరువు కుడి వైపుకు తూలుతుంది, తొట్టి చక్రం నేల విడిచే ప్రయత్నం చేస్తుంది. రోగి ఉంటే ఆ బరువే చక్రాన్ని నేలకు అదిమిపెడుతుంది. రోగి కోసం వేగంగా వెళ్లే ఖాళీ బండికే ఈ ప్రమాదం ఎక్కువ. తొట్టిని మరీ తేలిక చేస్తే అది ఇంకా పెరుగుతుంది. సైడ్‌కారు నడిపే అనుభవజ్ఞులు ఖాళీ తొట్టిలో ఇసుక బస్తా వేసుకోవడం ఇందుకే. అంటే తొట్టి పైకప్పు, పక్కల రేకులు, రోగి తలవైపు కమ్మీల వంటి ఎత్తులో ఉన్న బరువును తీయాలి గానీ, నేలకు దగ్గరగా ఉన్న అడుగు గొట్టాన్ని ముట్టరాదు.

వెనుక సీటునే పడకగా మార్చడం మరో పద్ధతి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన ఢిల్లీ ఇన్‌మాస్ ప్రయోగశాల క్లాసిక్ 350 బండిపై ఇలా రూపొందించిన ‘రక్షిత’ను 2021 జనవరి 18న సీఆర్‌పీఎఫ్‌కు అప్పగించింది. వెనక్కు వాలే కుర్చీ, తల కదలకుండా పట్టు, రోగిని బిగించే జాకెట్ అందులో ఉన్నాయి. బండి వెడల్పు పెరగదు కాబట్టి కాలిబాటకు అనుకూలం. అయితే బరువంతా వెనక చేరడం వల్ల నిటారు ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది. ఇక్కడ తగ్గించవలసిన కిలోలు వెనక చక్రం ఇరుసుకు వెనుక ఉన్నవి. ముందున్నవి ఎంత తగ్గించినా ఉపయోగం లేదు సరికదా, కీడు.

కుదుపు సంగతి కూడా మరువరాదు. చట్రం తేలికైనంత మాత్రాన రోగికి సుఖం రాదు. పాత బరువుకు సరిపడిన స్ప్రింగులనే ఉంచితే తేలికైన తొట్టి ప్రతి రాయికీ ఎగిరిపడుతుంది. బరువు తగ్గించినప్పుడు స్ప్రింగును మెత్తబరచాలి, వీలైతే చక్రాన్నీ తేలిక చేయాలి. ఎముక విరిగిన రోగిని ఒక్కసారి ఆ దారిలో తీసుకెళ్లినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

వెల్డింగు షాపు చేయగలిగిందే చట్రం

స్నోమొబైల్ చూసి అల్యూమినియం, కార్బన్ ఫైబర్ మనకూ తెస్తే ఏమవుతుంది? ఉక్కుకు ఒక గుణం ఉంది. ఒక హద్దు లోపు కుదుపులను ఎన్ని లక్షల సార్లయినా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి గట్టి హద్దు లేదు. చిన్న చిన్న కుదుపులూ పోగుపడి ఒకనాడు పగులుగా బయటపడతాయి. పగిలిన ఉక్కు గొట్టాన్ని నర్సీపట్నంలోనో చింతపల్లిలోనో మామూలు వెల్డింగు షాపులో గంటలో అతికిస్తారు. జిగురుతో కలిపిన చట్రం పగిలితే బండి మూలనపడుతుంది, గూడెం మళ్లీ డోలీ ఎత్తుకుంటుంది. కాబట్టి ఈ దారులకు పలుచని గోడల ఉక్కు గొట్టమే తగినదని చెప్పవచ్చు. అల్యూమినియాన్ని స్ట్రెచరు, అడుగు పలక, తొట్టి పైకప్పు వంటి విప్పి మార్చగలిగే భాగాలకు పరిమితం చేయడం మేలు.

మన్యంలో డోలీ మోతలకు స్వస్తి చెప్పేందుకు ‘అడవి తల్లి బాట’ పేరిట రోడ్ల పనులు 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలంలో మొదలయ్యాయి. రోడ్డు చేరే వరకు ఆయా గూడేలకు ఇలాంటి బండ్ల అవసరం ఉంటుంది. వాటిని కొనేటప్పుడు కాగితం మీది మొత్తం బరువొక్కటే చూస్తే చాలదు. ఒక్కో చక్రం కింద కాటా పెట్టి, ఖాళీగా ఒకసారి, పడకపై 60 కిలోల ఇసుక బస్తాలతో మరోసారి తూచాలి. ఆ తర్వాత అదే బస్తాలతో వానలో తడిసిన దిగుడుపై బ్రేకు వేసి చూడాలి. దీనికి కావలసినవి ఒక కాటా, నాలుగు బస్తాలు, ఒక పూట సమయం.