పడవలో పరికరాల సంభాషణ: ఒక జి.పి.ఎస్., పలువురు శ్రోతలు



సముద్రంలో చేపల వేటకు వెళ్లే ఒక మరపడవను ఊహించుకోండి. దాన్ని నడిపే గదిలో నాలుగు పరికరాలు ఉన్నాయనుకుందాం: జి.పి.ఎస్. రిసీవర్, సముద్ర పటం చూపే చార్ట్ ప్లాటర్, చేపల జాడ తెలిపే ఫిష్ ఫైండర్, వి.హెచ్.ఎఫ్. రేడియో. "పడవ ఇప్పుడు ఎక్కడ ఉంది?" అన్న ప్రశ్నకు జవాబు తెలిసింది వీటిలో జి.పి.ఎస్. ఒక్కదానికే. కాని ఆ జవాబు మిగిలిన మూడింటికీ కావాలి. పటం మీద పడవను చూపడానికి ప్లాటర్‌కు, చేపలు దొరికిన చోటును గుర్తుంచుకోవడానికి ఫిష్ ఫైండర్‌కు, ఆపదలో సహాయం కోరడానికి రేడియోకు అది అవసరం. ఒక పరికరం కనుగొన్న స్థానం తక్కిన వాటికి ఎలా చేరుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఉమ్మడి భాష

వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే వాటికి ఉమ్మడి భాష ఉండాలి. అమెరికాలోని నేషనల్ మెరైన్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్ 1983లో అలాంటి ప్రమాణాన్ని ప్రకటించింది. దాని పేరు ఎన్.ఎం.ఇ.ఎ. 0183.

ఇందులో సమాచారం వాక్యాల రూపంలో నడుస్తుంది. స్థానం తెలిపే వాక్యం డాలరు గుర్తుతో మొదలవుతుంది. తరువాతి రెండు అక్షరాలు మాట్లాడుతున్నది ఎవరో చెబుతాయి, 'జి.పి.' అంటే జి.పి.ఎస్. అన్నమాట. ఆపై మూడు అక్షరాలు విషయమేమిటో చెబుతాయి. ఉదాహరణకు, 'ఆర్.ఎం.సి.' వాక్యంలో సమయం, అక్షాంశం, రేఖాంశం, వేగం, దిశ, తేదీ కామాలతో వేరుచేసి ఉంటాయి. అందులోనే 'ఎ' అనే అక్షరం ఉంటే స్థానం నమ్మదగినదని, 'వి' ఉంటే నమ్మవద్దని అర్థం.

వాక్యం చివర నక్షత్రం గుర్తు, దాని వెనుక చెక్‌సమ్ ఉంటాయి. డాలరుకూ నక్షత్రానికీ నడుమ ఉన్న అక్షరాలను బిట్లుగా రాసి, ఒకదానితో ఒకటి వరుసగా పోలిస్తే ఇది వస్తుంది. రెండు బిట్లూ ఒకటే అయితే 0, వేరైతే 1. వినే పరికరం కూడా ఇదే లెక్క చేస్తుంది. జవాబు కలవకపోతే ఆ వాక్యాన్ని వదిలేస్తుంది. దారిలో విద్యుత్ అలజడి వల్ల ఒక్క బిట్ మారినా ఇలా దొరికిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. విశాఖపట్నం ఓడరేవు అక్షాంశం సుమారు 17 డిగ్రీల 41.5 నిమిషాలు. వాక్యంలో ఇది 1741.5 అని వస్తుంది. దీన్ని ఎవరైనా 17.415 డిగ్రీలుగా చదివితే ఏమవుతుంది? 0.415 డిగ్రీ అంటే 24.9 నిమిషాలే. తేడా 16.6 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలుకు, అంటే 1.852 కిలోమీటర్లకు సమానం. కాబట్టి పడవ దాదాపు 31 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది!

ఒకరు చెప్పాలి, పలువురు వినాలి

తరగతిలో ఉపాధ్యాయుడు చెబుతుంటే అందరూ వింటారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరికీ అర్థం కాదు. 0183 పద్ధతిలోనూ అంతే. ఒక తీగల జతపై ఒకే పరికరం మాట్లాడుతుంది, పలు పరికరాలు వింటాయి. రెండు పరికరాల వాక్యాలు ఒకే దారిలో పంపాలంటే నడుమ మల్టీప్లెక్సర్ ఉండాలి. అది వాక్యాలను ఆపి, ఒకదాని తరువాత ఒకటిగా వదులుతుంది.

దీని సాధారణ వేగం సెకనుకు 4800 బిట్లు. ఒక అక్షరానికి 10 బిట్లు కాబట్టి సెకనుకు 480 అక్షరాలు వెళ్తాయి. పడవ స్థానం చెప్పడానికి ఇది చాలు. పరికరాలు పెరిగితే చాలదు. అందుకే తరువాత ఎన్.ఎం.ఇ.ఎ. 2000 వచ్చింది. కార్లలో వాడే 'క్యాన్' పద్ధతి దీనికి ఆధారం. ఒకే ప్రధాన కేబుల్‌కు పరికరాలన్నీ కొమ్మల్లా తగులుకుంటాయి. వేగం సెకనుకు 2,50,000 బిట్లు. ఇందులో ఏ పరికరమైనా మాట్లాడవచ్చు. రెండు ఒకేసారి మొదలుపెడితే ముఖ్యమైన సందేశం ముందు వెళ్తుంది, రెండోది ఆగుతుంది.

ప్రాణాలు నిలిపే తీగ

ఇప్పుడు రేడియో సంగతి చూద్దాం. డి.ఎస్.సి. సౌకర్యం ఉన్న వి.హెచ్.ఎఫ్. రేడియోలో ఎర్రని ఆపద బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుంటే 70వ చానల్‌పై సందేశం వెళ్తుంది. అందులో పడవకు కేటాయించిన 9 అంకెల గుర్తింపు సంఖ్య, స్థానం, సమయం ఉంటాయి. భారతదేశపు నౌకల సంఖ్య 419తో మొదలవుతుంది.

రేడియోలో సొంత జి.పి.ఎస్. లేదు, బయటి జి.పి.ఎస్. తీగా కలపలేదు అనుకోండి. అప్పుడు స్థానం ఉండవలసిన చోట పది తొమ్మిదులు వెళ్తాయి. స్థానం తెలియదని దాని అర్థం. ఆపదలో ఉన్నది ఎవరో వినేవారికి తెలుస్తుంది, ఎక్కడో తెలియదు.

స్థానాన్ని చేత్తో నమోదు చేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. చేయవచ్చు. కాని ఇంజను ఆగిన పడవ గంటకు 2 నాటికల్ మైళ్ల వేగంతో కొట్టుకుపోతుంటే, 6 గంటల్లో 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్లకు పైగా జరిగిపోతుంది. పాత స్థానంలో వెతికితే పడవ దొరకదు. తీగ కలిపి ఉంటే స్థానం ఎప్పటికప్పుడు తాజాగా ఉంటుంది.

కలిపామనుకుంటే చాలదు, సరిచూడాలి. తీగల రంగులు కంపెనీని బట్టి మారుతాయి కనుక పరికరంతో వచ్చిన పుస్తకం చూసే కలపాలి. రేవు విడిచే ముందు రేడియో తెరపైని అక్షాంశ, రేఖాంశాలు ప్లాటర్‌తో సరిపోతున్నాయో లేదో చూడాలి. పరీక్ష కోసం మాత్రం ఎర్ర బటన్ ఎప్పుడూ నొక్కకూడదు.

ఆలోచించండి

1. ఒక వాక్యంలో గరిష్ఠంగా 82 అక్షరాలు ఉండవచ్చు. సెకనుకు 480 అక్షరాల వేగంతో ఎన్ని పూర్తి వాక్యాలు పంపగలం?
2. చెక్‌సమ్ సరిపోయినా వాక్యంలో 'వి' అనే అక్షరం ఉంటే ఆ స్థానాన్ని వాడవచ్చా? ఎందుకు?
3. మీ ఊరి అక్షాంశాన్ని పటంలో చూసి, డిగ్రీలు-నిమిషాల్లోనూ దశాంశ డిగ్రీల్లోనూ రాయండి.