అంతర్జాలప్రతులయం దక్షరశుద్ధి

గణకయంత్రముపైఁ గూర్చి యచ్చొత్తించిన తెలుఁగు గ్రంథములను అంతర్జాలమున నిలుపఁబూనువారికిఁ దఱచుగా రెండు విధములగు దోషములు సంప్రాప్తించుచున్నవి. పుటపైఁ జక్కఁగాఁ గానవచ్చు పద్యము తెరపైఁ జేరఁగనే యర్థరహితమగు రోమను గుర్తుల ప్రోవుగా మాఱుట యొకటి. అక్షరము లన్నియు యథాస్థానముననే యున్నట్లు తోఁచియు, వెదకిన పదము దొరకకుండుట రెండవది. మొదటిది కంటికిఁ గనఁబడును గనుక దిద్దువాఁ డెవఁడో యొకఁడు లభించును. రెండవది గ్రంథమును నిశ్శబ్దముగాఁ జెఱచును.

ఈ రెండింటికిని మూల మొక్కటియే. యూనికోడ్ ప్రమాణము 1991లో వెలువడినను, తెలుఁగు కూర్పుశాలలయం దది వ్యాపించుటకుఁ జాలకాలము పట్టెను. అంతవఱకు వాడఁబడిన ఖతులయందు, అనఁగా ఫాంటులయందు, ఒక్కొక్కదానిలో 256కు మించి స్థానములు లేవు. అవియు రోమను లిపి కేర్పడినవి. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తులు, హల్లుల మొండెములు మున్నగు ఆకృతులను ఆ స్థానములలోనే యిమిడ్చిరి. అట్టి ప్రతిలోఁ దఱచుగా ‘క’ యను వర్ణమే యుండదు. ఒక మొండెమును, దానిపై నొక తలకట్టును మాత్రముండును. ఒక ఖతిలోని యమరిక వేఱొక ఖతిలో నుండదు. ఖతి తొలఁగినచో ఆయా స్థానముల మొదటి యొడయులగు రోమను అక్షరములే బయలుపడును.

యూనికోడ్ 3072 మొదలు 3199 వఱకుఁ గల 128 స్థానములను తెలుఁగునకుఁ గేటాయించినది. అందు ఒత్తులకు వేఱు స్థానములు లేవు. హల్లు, పొల్లుగుర్తు, మఱియొక హల్లు వరుసగా నుండఁగా ఖతియే యొత్తును దీర్చును. వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలెనన్న, యూనికోడ్ స్థానిని భద్రపఱచును. ఖతి యాదేశమును జూపును. ప్రాత ఖతులు ఆదేశమునే భద్రపఱచి స్థానిని విడిచినవి. కాఁబట్టి యీ పరివర్తనము ఆదేశమునుండి స్థానిని సాధించు పని. వట్టి గుర్తుల మార్పిడి కాదు.

ప్రాతముద్రణమున ‘ధర్మము’ అను పదము వలపలగిలకతో నున్నచో, రేఫచిహ్నము మకారమునకుఁ దరువాత వచ్చును. గుర్తునకు గుర్తుగా మార్చుచుఁ బోయినచో ‘ధమర్ము’ అని యగును. రేఫమును బొల్లుగుర్తుతోఁ గూడ మకారమునకు ముందునకుఁ దెచ్చిననే పదము నిలుచును. అట్లే పరివర్తనపట్టికలో ననేకాకృతులు గూడిన సంయుక్తములను మొదట మార్చి, విడి యాకృతులను బిమ్మట మార్చవలయును. అపవాద ముత్సర్గమును బాధించునను నియమము వైయాకరణులకుఁ గ్రొత్త గాదు. గణకశాస్త్రజ్ఞులు దీనినే వేఱు మార్గమునఁ గనుఁగొనిరి.

తెరపైఁ గానవచ్చు వికారమును బట్టి దోషము నిర్ణయింపవచ్చును. యూ.టి.ఎఫ్-8 పద్ధతిలోఁ దెలుఁగు వర్ణ మొక్కొక్కటి మూఁడు అష్టకములను, అనఁగా బైటులను, ఆక్రమించును. తలపై వాలుగీఁటు గల రోమను ‘ఎ’ వంటి గుర్తును, దాని వెంట డిగ్రీ సున్నయో కూడిక తీసివేఁతల జంటగుర్తో మాటిమాటికి వచ్చుచున్నచో వర్ణములు సాధారణముగా క్షేమముగానే యుండును. పుట తన పద్ధతిని సరిగాఁ బ్రకటింపలేదని యర్థము. గడులు గనఁబడినచో ఖతిలో నా వర్ణము లేదు. చుక్కల వలయముపై గుణింతము వ్రేలాడుచున్నచో దాని హల్లు పోయినది, లేదా వరుస తప్పినది. వర్ణములకు బదులు ప్రశ్నార్థకములు నిలిచిన ప్రతిలో మాత్రము తఱచుగా మూల మింక మిగులదు.

గూఢదోషములు పండితుల పరీక్షకే యర్హములు. పూర్ణబిందువు 3074వ స్థానముది. తెలుఁగు అంకెలలోని సున్న 3174వ స్థానముది. రూప మించుమించుగా నొక్కటియే. అంకెతోఁ గూర్చిన ‘రంగము’ చదువరిని మోసగించును గాని, వెదకు యంత్రమున కది వేఱు పదము. ‘దుఃఖము’లోని విసర్గమునకు బదులు ఇంగ్లీషు విరామచిహ్నమును జొప్పించుట మఱియు సామాన్యము. ఐత్వమును 3144 అను ఒకే గుర్తుగా వ్రాయవచ్చును; 3142, 3158 అను రెండింటి కూడికగాను వ్రాయవచ్చును. యూనికోడ్ వీనిని సమానములుగా నంగీకరించినది కనుక, ఏకరూపీకరణముచే నీ భేదము తొలఁగును. సున్నల కట్టి సమానత లేదు; చూచియే దిద్దవలయును.

అన్నింటికంటె శోచనీయము అరసున్న పాటు. నేఁటి వ్యావహారికపుటలను మాత్రమే చూచి పట్టిక కూర్చినచో, దానికి అందుఁ దావుండదు. ‘ఏఁడు’ సంవత్సరము, ‘ఏడు’ సప్తసంఖ్య. ‘నాఁడు’ దినము, ‘నాడు’ దేశము. శకటరేఫము సాధురేఫముగా మాఱినచో ‘ఏఱు’ అను నది ‘ఏరు’ అను క్రియయై పోవును. ఆ ప్రతిని నమ్మి కవిప్రయోగములను లెక్కించు పరిశోధకుఁడు, కవి యెఱుఁగని యభిప్రాయములను గవి కంటగట్టును. యూనికోడ్‌నందు అరసున్నకు 3073, దంత్యములగు ౘ, ౙలకు 3160, 3161 స్థానములు గలవు. కాఁబట్టి వీనిని విడుచుటకు సాకు లేదు. ప్రాతముద్రణములలోని నకారపొల్లునకు మాత్రము 2021 వఱకు వేఱు స్థానము లేకుండెను. ఇప్పుడు 3165 దానిది.

పట్టిక ముగిసిన వెంటనే ప్రతియందలి గుర్తుల నన్నింటిని ఆవృత్తిసంఖ్యలతో జాబితా వేయించి, మిక్కిలి యరుదుగా వచ్చినవానిని మొదటఁ జూచుట మేలు. ఒక హల్లుపై రెండు గుణింతములు, అక్షరముల నడుమ అంకె సున్న, పదాదిని విసర్గము అచ్చటనే దొరకును. ఆపైన అచ్చుపుస్తకముతో సరిపోల్చుట తప్పదు. మూలపుఁ గూర్పుప్రతిని, దాని ఖతిని, పట్టికను గూడ దాఁచి యుంచవలయును. పట్టికలోని తప్పు పదియేండ్లకు బయల్పడినను, అవి యున్నచో గ్రంథమును మఱల మార్చుకొనవచ్చును.